మిషన్ ఊరికి కొత్త

మా తాత నుంచి నాకు వచ్చింది ముఖం ఒక్కటే. పొలంలో సగం ఆయన పేకాటలోనూ కోర్టుల్లోనూ పెట్టాడు. మిగిలిన సగంలో మా నాన్న రొయ్యల గుంటలు తవ్వించి తెల్లమచ్చ రోగానికి సమర్పించాడు. చివరి ముక్కను నేను మొహమాటానికి పోగొట్టాను. ముఖాన్ని తాకట్టు పెట్టుకునేవాళ్ళు దొరకలేదు కాబట్టి అది మాత్రం చేతులు మారకుండా నా దాకా వచ్చింది. పొడుగాటి ముక్కు, దాని మధ్యలో చిన్న మెట్టు, లోపలికి పోయిన కళ్ళు, ఎదుటివాణ్ణి ఎప్పుడూ విచారణ చేస్తున్నట్టుండే కనుబొమలు. వీటన్నిటి కింద మీసం. తోటపల్లి గూడూరు బస్సెక్కితే ఇప్పటికీ ఒకరిద్దరు ముసలివాళ్ళు లేచి సీటు ఇవ్వబోతారు. నాకు కాదు, ఆ ముక్కుకు. నేను వద్దని, నడుం లాగుతున్నా సరే, నిలబడే వస్తాను.

ముఖం చూసి మనిషిని గుర్తుపడతామని అందరూ అనుకుంటారు. నాకు అంత నమ్మకం లేదు. మా తీరంలో పడవ ఇంకా వేలెడంత ఉండగానే, అందులో నిలబడ్డది ఎవరో ఒడ్డున వలలు బాగుచేసుకునేవాళ్ళు చెప్పేస్తారు. అంత దూరంలో ముఖం ఎక్కడుంది? నిలబడ్డ తీరు చూసి చెప్తారు. మా అమ్మ పాలమనిషిని దగ్గుతో గుర్తుపట్టేది. నేను అంతకన్నా అధ్వానం. ఇరవయ్యేళ్ళుగా నాకు గడ్డం గీసిన మంగలి నెల్లూరు ఆసుపత్రిలో కనిపించి పావుగంట యోగక్షేమాలు అడిగితే, ఎవరో పెద్ద ఉద్యోగి అనుకొని వినయంగా జవాబులు చెప్పాను. అతని చేతిలో కత్తి లేదు, నేనేం చెయ్యను? మనం చూసేది ముఖాన్ని కాదు, ఆ ముఖం ఉండాల్సిన చోటును. చోటు మారితే ముఖం చెల్లదు.

నేను కృష్ణపట్నం పోయే దారిలో ఒక రొయ్యల ఫ్యాక్టరీలో స్టోరు చూస్తాను. గ్లౌజులు, మాస్కులు, తలటోపీలు, రబ్బరు బూట్లు ఇవ్వడం నా పని. యజమాని తండ్రి ఒకప్పుడు మా పొలం కౌలుకు చేసినాయన. ఆ గౌరవం కొద్దీ నాకు ఉద్యోగం ఇచ్చారు. ఆ గౌరవం కొద్దీ నా ఎదుట యజమాని కూర్చోడు. ఆయన కూర్చోకపోతే నేను కూర్చోను. అందువల్ల మా మాటలన్నీ కాళ్ళు నొప్పి పుట్టకముందే ముగిసిపోతాయి.

ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు పుస్తకం పోయి ముఖం చూసే మిషన్ వచ్చింది. గోడకు చిన్న పలక. ఎదురుగా నిలబడితే మన ముఖం చుట్టూ ఆకుపచ్చ చట్రం గీసి, ఆడగొంతుతో మన నంబరు చదివి, స్వాగతం అంటుంది. బిగించడానికి వచ్చిన టెక్నీషియన్‌ను, ఇది మమ్మల్ని ఎలా పోల్చుకుంటుందని అడిగాను.

"ఇది చూడదు సార్, కొలుస్తుంది. కన్నుకీ కన్నుకీ మధ్య ఎంత, ముక్కు ఎంత, దవడ ఎంత, అన్నీ అంకెలు చేసుకుంటుంది. పొద్దున మీరు వస్తే మళ్ళీ కొలిచి, తన దగ్గరున్న వాటిలో దేనికి దగ్గరగా ఉందో చూస్తుంది."

"దగ్గరగా అంటే ఎంత దగ్గర?"

"మనం పెట్టుకున్నంత సార్. గట్టిగా పెడితే సొంత మనిషిని కూడా రానివ్వదు. వదులుగా పెడితే పక్కింటివాణ్ణి కూడా రానిస్తుంది."

మొదట గట్టిగానే పెట్టారు. రెండు వారాలు బాగా జరిగింది. తరువాత ఐస్ సెక్షన్ వాళ్ళు పదిమంది కలిసి తిరుమలకు పోయి, మొక్కు తీర్చుకొని, గుండ్లతో, మీసాలు గడ్డాలు లేకుండా, పనిలోకి వచ్చారు. మిషన్ ఒక్కణ్ణి కూడా ఒప్పుకోలేదు. మీ వివరాలు నమోదు కాలేదు అని పదిమందికీ పదిసార్లు చెప్పింది. ఒకడు తువ్వాలు చుట్టుకొని చూశాడు, ఒకడు నామాలు చెరుపుకొని చూశాడు, ఒకడు దానికి లడ్డు చూపించాడు. వెనకాల రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళ క్యూ రోడ్డు దాకా పెరిగి, వాళ్ళను దింపిన బస్సులు తిరగలేక నిలబడిపోయి, ఆ బస్సుల వెనక పోర్టు లారీలు హారన్లు కొట్టాయి. అరగంటకు ఆఫీసు నుంచి టెక్నీషియన్‌కు ఫోను పోయింది. అతను ఎక్కడో కూర్చునే పట్టు వదులు చేశాడు. పది గుండ్లూ లోపలికి పోయాయి. వదులు చేసినదాన్ని మళ్ళీ బిగించాలని ఎవరికీ గుర్తులేదు.

అదే నెలలో సరుకు కొనే దేశం నుంచి తనిఖీకి మనుషులు వచ్చారు. వాళ్ళు పోయాక నోటీసు బోర్డు మీద ఒక ఆజ్ఞ వెలిసింది. ఒలుపుడు హాల్లోకి అడుగు పెట్టేవాళ్ళలో మీసం, గడ్డం ఉన్నవాళ్ళు మూతికి వల తొడుక్కోవాలి. గ్లౌజుల పెట్టెలు ఇవ్వడానికి నేను రోజుకు నాలుగు సార్లు ఆ హాల్లోకి పోవాలి. వల పాకెట్లు వచ్చింది కూడా నా స్టోరుకే. ఒకటి విప్పి చూశాను. నూర్పిళ్ళప్పుడు గింజ తినకుండా ఎద్దు మూతికి కట్టే చిక్కం, అచ్చం అదే, కాస్త తెల్లగా ఉంది. మా కళ్ళంలో ఎద్దులకు చిక్కాలు కట్టించిన ఇంటివాణ్ణి నేను. ఆ సాయంత్రమే మీసం తీయించేశాను. చిక్కం కట్టుకోవడం కన్నా మూతి లేకుండా పోవడం నయమనిపించింది.

ఇంటికి పోతే మా ఆవిడ తలుపు తీసి కాసేపు చూసింది.

"ఇన్నేళ్ళూ ఆ మీసం ఎనకాల ఇంతేనా ఉండింది?" అంది.

మర్నాడు పొద్దున మిషన్ ముందు నిలబడ్డాను. చట్రం గీసింది. "మూడు వందల పదిహేడు. స్వాగతం" అంది. నేను లోపలికి పోయాను. నా నంబరు మూడు వందల పదిహేడు కాదని నాకు తెలియదు. అసలు నా నంబరు ఎంతో నేను ఎన్నడూ చూసుకోలేదు. మా ఇంట్లో గొడ్లకు కూడా పేర్లుండేవి గాని నంబర్లు లేవు. దాని పని అది చేసుకుంటోంది, నా పని నేను చేసుకుంటున్నాను అనుకొని, పొద్దున వస్తూ ఒకసారి, సాయంత్రం పోతూ ఒకసారి, నెల రోజులు దాని ముందు నిటారుగా నిలబడి, ఇంకొకడి హాజరు వేశాను.

నెల చివర్లో మనుషుల వ్యవహారాలు చూసే మేడమ్ పిలిపించింది. కావలి వైపు నుంచి వచ్చిన పిల్ల, కొత్తగా చేరింది. గదిలోకి పోయేసరికి అప్పటికే ఐస్ సెక్షన్ మనిషి ఒకతను నిలబడి ఉన్నాడు. ఐసు దిమ్మెలు మిషన్‌లోకి తోసి పొడి చేయించే పని అతనిది. పనిలో ఎప్పుడూ తల చుట్టూ చెవుల మీదుగా తువ్వాలు కట్టుకొని ఉంటాడు. ఆ రోజు తువ్వాలు చేతిలో ఉంది. మేడమ్ అతన్ని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. బల్ల మీద కాగితం తిప్పుకుంది.

"మీరిద్దరూ ఏమవుతారు?"

"ఏమీ కాము" అన్నాను.

అతను పైకప్పు వైపు చూశాడు.

మేడమ్ విషయం చెప్పింది. నెలంతా నేను పనికి రానట్టు ఉంది. ఐస్ సెక్షన్ మూడు వందల పదిహేడు మాత్రం రోజుకు రెండేసి సార్లు వచ్చినట్టు, సెలవు రోజున కూడా వచ్చినట్టు ఉంది. నాది పెద్ద సమస్య కాదు, స్టోరు పుస్తకంలో రోజూ నా సంతకాలున్నాయి. సమస్య అతనిది. వాళ్ళమ్మ కంటి ఆపరేషన్‌కు అతను మూడు రోజులు నెల్లూరులో ఉన్నాడు. ఆ మూడు రోజులు కూడా మిషన్‌లో హాజరు పడింది.

"దీన్ని ఇంకొకరి చేత హాజరు వేయించుకోవడం అంటారు. దొరికితే తీసేయడమే. రూలు అలా ఉంది."

"మిషన్ తప్పు చేసిందమ్మా. ముందర పట్టు వదులు చేశారు, అందుకు..."

"మిషన్ తప్పు చెయ్యదని కంపెనీవాళ్ళు రాసిచ్చారండీ. రక్తసంబంధం ఉంటే తప్ప అంత దగ్గరగా కలవదట." గొంతు తగ్గించింది. "పైగా దాన్ని కొనిపించింది ఓనరుగారి అల్లుడు. మిషన్ తప్పని నేను రాయలేను."

"మా ముఖాలు నువ్వు చూస్తున్నావు కదా?"

"నా కళ్ళు హెడ్డాఫీసుకు పనికిరావండీ. కాగితం కావాలి."

సొరుగులోంచి ఒక ఫారం తీసింది. కవలలకీ, దగ్గరి చుట్టాలకీ ఆ మిషన్‌లో వేరే ఏర్పాటు ఉందట. ఇద్దరూ తమ సంబంధం రాసి, సంతకాలు పెట్టి ఇస్తే, ఇకమీదట ముఖంతో పాటు కార్డు కూడా చూపించమంటుంది. జరిగినవన్నీ పోలిక వల్ల జరిగిన పొరపాట్లుగా మాఫీ అవుతాయి. శనివారం లోపల ఫారం వస్తే సరే. రాకపోతే తీసేసేవాళ్ళ జాబితా పైకి పోతుంది, అందులో అతను ఉంటాడు.

"మేము ఏమీ కాము" అని మళ్ళీ చెప్పి వచ్చేశాను. వీపు నిటారుగానే ఉంది. అదొక్కటి మావాళ్ళకు బాగా వచ్చు.

తెలియదా అంటే తెలుసు. మా ఇంట్లో తెలిసిన సంగతులు రెండు రకాలు. చెప్పుకునేవి, చూడకుండా ఉండేవి. అతని నాయనమ్మ మా ఇంట్లో వడ్లు దంచేది. అతని తండ్రి మా ఇంట్లో సైకిలు తుడిచేవాడు, గొడుగు పట్టేవాడు, చేపల బుట్ట మోసేవాడు. నాకు ఆరేళ్ళప్పుడు ఇంటిల్లిపాదికీ ఫోటో తీయించాలని నెల్లూరు నుంచి ఫోటోగ్రాఫర్‌ను పిలిపించారు. తాత మధ్యలో కుర్చీలో కూర్చున్నాడు. చుట్టూ మేమందరం. ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డలో తల దూర్చి, మళ్ళీ బయటికి తీసి, దూరంగా సైకిలు పట్టుకొని నిలబడ్డ మనిషిని చూసి, "పెద్దబ్బాయిగారూ, మీరు అక్కడే ఉండిపోతే ఎట్లా సార్, వచ్చి నాన్నగారి కుడిపక్కన నిలబడండి" అని కేకేశాడు. ఎవరూ కదల్లేదు. కోళ్ళు కూడా ఆగినట్టు గుర్తు. నేను పకపకా నవ్వాను, మా మేనత్త తొడపాశం పెట్టింది. ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో అందరూ బిగుసుకొని ఉంటారు, నేను ఒక్కణ్ణి ఏడుస్తుంటాను.

ఊళ్ళో నాలుగు వందల గడపలకూ కనిపించినదాన్ని చూడకుండా ఉండడానికి చాలా పెంపకం కావాలి. మనుషులు అది నేర్చుకుంటారు. గుర్తుపట్టడం కన్నా కష్టమైన విద్య అది. ఫోటోగ్రాఫర్‌కు ఆ పెంపకం లేదు, మిషన్‌కూ లేదు.

మర్నాడు స్టోరు కిటికీ దగ్గరికి ఒలుపుడు హాలు ఆడవాళ్ళు ఇద్దరు వచ్చారు. టోపీలు, మాస్కులు పోగా కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. నవ్వు ఆపుకుంటున్నారని తెలియడానికి అవి చాలు.

"సామీ, మూడు వందల పదిహేడుకి గ్లౌజులు ఇయ్యండి" అంది చిన్నది.

"నీ నంబరు అది కాదే."

"నాది కాదు సామీ, మీది!"

పెద్దావిడ దాని నెత్తిన ఒకటి మొట్టింది. "నోరు మూసుకోవే. సామీ, దాని మాటకేం గాని, మీరు మనసులో ఏం పెట్టుకోబాకండి. మాకందరికీ పుట్టినకాడ్నించీ తెలిసిందే గదా. మిషన్ ఊరికి కొత్త. తెలవక పైకి చెప్పేసినాది."

గ్లౌజులు ఇచ్చాను. వాళ్ళు హాలు దాకా నవ్వుకుంటూనే పోయారు.

మావాళ్ళు పేకాడారు, భూములు తగలేశారు, కానీ ఒకడి తిండి తీసేసి ఇంటికొచ్చి కూర్చున్నవాళ్ళు కారు అని నేను ఎప్పుడూ అనుకునేవాణ్ణి. ఆ మధ్యాహ్నం కూర్చొని ఒక్కొక్కర్నీ తలుచుకుంటే అది కూడా నిజం కాదని తేలింది. అయినా వాళ్ళ సంగతి వాళ్ళది. ఇప్పుడు ఈ మనిషి ఉద్యోగం తీస్తున్నది నా ముఖం. నేను ఫారం అడిగి తెచ్చుకున్నాను. చాలా పెద్ద మనసు చేసుకుంటున్నానని నాకు నేను చెప్పుకుంటూ ఐస్ సెక్షన్‌కు పోయాను.

ఐసు నలిగే చప్పుడులో అతను తువ్వాలు ఒక చెవి మీద నుంచి తీసి విన్నాడు.

"దేనికి సామీ సంతకం?"

"మనం చుట్టాలమని."

"నిన్న మేడమ్ ముందర ఏమీ కామంటిరే. ఒక్క దినంలో ఏమయిపోయినాం?"

"నీ ఉద్యోగం కోసమే" అన్నాను.

"నా ఉద్యోగం కోసం మా నాయనమ్మని కాయితం మీదకి ఎక్కించాలా? ఆ మేడమ్ దాన్ని కంప్యూటర్లో పెడతాది. అది ఇంకా యాడెవురికి చెప్తాదో."

"మా తాతను కూడా ఎక్కిస్తున్నాను కదా."

"మగోళ్ళు ఎక్కితే అదొక వైభోగం సామీ. ఆడోళ్ళు ఎక్కితే రచ్చ." ఒక దిమ్మె లోపలికి తోశాడు. "పెట్టను. ఉద్యోగం పోతే పోయింది. పోర్టులో మూటలు లేవా?"

అతని వీపు చూశాను. నాకన్నా నిటారుగా ఉంది. ఇచ్చేవాణ్ణి నేనే, పుచ్చుకోవడం ఒక్కటే అతని వంతు అనుకొని వచ్చాను. ఇవ్వడానికి అది నాది కాదని అక్కడ తెలిసింది. వెనక్కి తిరగబోతుంటే అతనే పిలిచాడు.

"మా అమ్మ ఒప్పుకుంటే పెడతా. నాయనమ్మ లేదు గదా, కోడలిగా ఆ మాట చెప్పాల్సింది ఆమె. నేను అడగను. మీరే వచ్చి అడుక్కోండి."

శుక్రవారం పని దిగాక పోయాను. కాలవ అవతల కాలనీ ఇళ్ళు. వాళ్ళమ్మ అరుగు మీద కూర్చొని చేటలో బియ్యం ఏరుతోంది. ఆపరేషన్ వాళ్ళిచ్చిన నల్ల అద్దాలు పెట్టుకొని ఉంది. నన్ను చూసి అద్దాలు తీసి చాలాసేపు చూసింది.

"మా ఇంటాయన లేచొచ్చినాడేమో అనుకున్నా. ఆయనకి ఇంత బెట్టు ఉండేది కాదులే" అంది. "కూర్చో అబ్బయ్యా, కుర్చీ కరవదు."

నేను ఇంకా నిలబడే ఉన్నాను.

"మీ తాత కూడా ఈడికొస్తే ముందర నిలబడే ఉండేవాడంట. మా అత్త చెప్పేది. కాసేపటికి ఆయనా కూర్చునేవాడంట."

కూర్చున్నాను. లోపల పొయ్యి దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. వచ్చిన పని చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"నాకు ఇద్దరు మామలబ్బయ్యా. ఒకాయన మా అత్తకి తాళి కట్టినాడు, ఒకాయన ముక్కు ఇచ్చినాడు. తాళి కట్టినాయన మంచోడు. ఆయన్నే నేను మామా అని పిలిచింది. మా అత్తని ఎవురూ ఏమీ అడగలేదు. నువ్వు అడగను వచ్చినావు. అది బాగుండాది."

నేను ఫారం మడత విప్పాను.

"నీకు ఫోటో తీసిన దినం గుర్తుండాదా? నువ్వు పిలకాయివి."

"ఉంది."

"ఆ దినం మా ఇంటాయన ఇంటికొచ్చి, అన్నం కూడా తినకుండా, ముందర మీసం గీసేసినాడు. మళ్ళీ సచ్చేదాకా పెట్టలేదు. మావాడికీ పెట్టనియ్యలేదు. మీసం పెడితే అచ్చం ఆయనే అంటారు, వద్దురా, అని. మీ ముఖం నించి తప్పించుకోను మేము రెండు తరాలు గీక్కుంటా ఉండాము. నువ్వు నిక్షేపంగా పెట్టుకోనుండే మీసం తీసేసి వచ్చి మా ముఖంలో దూరినావు." ఆమె నవ్వింది. నోట్లో రెండు పళ్ళున్నాయి, రెండూ నవ్వాయి. "దేనికి తీసినావబ్బయ్యా?"

చిక్కం సంగతి చెప్పాను. ఆమె ఇంకా నవ్వింది, కొత్త కంట్లో నీళ్ళు రాకూడదని డాక్టరు చెప్పినట్టుంది, కొంగుతో అద్దుకుంటూ నవ్వింది. ఆ తరువాత ఒక్కసారిగా వ్యవహారంలోకి దిగింది.

"రాయి. కానీ సరిగ్గా రాయి. మా ఇంటాయన మీ నాయనకన్నా ఏడాది పెద్ద. మావాడు నడిచేటప్పటికి నువ్వు ఇంకా మీ అమ్మ కడుపులో ఉండావు. మావాడు నీకు అన్న. తమ్ముడని రాసినావంటే సంతకం పెట్టనియ్యను."

పెద్ద కొడుకు పెద్ద కొడుకుని అని యాభయ్యేళ్ళు నేను నిలబడిన నిలబాటంతా ఆ అరుగు మీద ఒక్క మాటతో కూర్చుండిపోయింది. ఇంకేమైనా కావాలా అని అడిగాను, పౌరుషానికి.

"మీకాడ ఇంకేముండాదబ్బయ్యా ఇయ్యను?" అంది.

శనివారం పొద్దున ఇద్దరం మేడమ్ గదికి పోయాం. సంబంధం అన్నచోట, పెదనాన్న కొడుకు, అన్న, అని రాసి సంతకం పెట్టాను. అతనూ పెట్టాడు. మేడమ్ ఫారం చదివి, కంప్యూటర్లో ఏదో చూసి, పెన్ను కింద పెట్టింది.

"ఇది పంపితే తిప్పి కొడతారండీ. రికార్డు ప్రకారం మీరు ఈయన కన్నా రెండేళ్ళు పెద్ద. మీరు అన్న, ఈయన తమ్ముడు అని మార్చండి."

ఒక్క క్షణం నా పెన్ను కదిలిన మాట నిజం. పక్కకు చూశాను. అతను మళ్ళీ పైకప్పు వైపు చూస్తున్నాడు, ఇదంతా తనకు సంబంధించింది కానట్టు.

"మార్చను" అన్నాను. "రికార్డు తప్పు."

"ఆధార్‌లో కూడా అంతే ఉందండీ."

"ఆధార్ ఎవడో బడిపంతులు చెప్పిన తేదీ చూసి రాసింది. ఈయన పెద్దవాడు."

"పోతే పోనీలే సామీ" అని అతను గొణిగాడు.

"నువ్వు ఉండు" అన్నాను. ఒక కాగితం మీద నేను చిన్నవాణ్ణని రాయించుకోవడానికి నేను గొంతు పెంచి పోట్లాడతానని నాకే తెలియదు. గది బయట ఇద్దరు ముగ్గురు ఆగి వింటున్నారు.

"మరి ఈయనే పెద్ద అని మీకు చెప్పిందెవరండీ?" అంది మేడమ్, విసుగ్గా.

"మా పెద్దమ్మ" అన్నాను.

మేడమ్ మా ఇద్దరి ముఖాలూ ఇంకోసారి చూసింది. తరువాత పెన్ను తీసుకొని, వయసు తేడా ఇంటి పెద్దల వాంగ్మూలం ప్రకారం అని ఒక వాక్యం తనే రాసి, స్టాంపు కొట్టి, జాబితాలో మూడు వందల పదిహేడు మీద గీత గీసింది.

"ఇంటి పెద్దల్ని ఎవరైనా అడిగితే పిలిపించాల్సి వస్తుంది."

"ఆమెను పిలవబాకండి మేడమ్" అన్నాడు అతను. "ఆమె వస్తే మీ రికార్డులు ఒక్కటీ మిగలవు."

బయటికి వచ్చి ఇద్దరం స్టోరు దాకా నడిచాం. కిటికీ దగ్గర అతను ఆగాడు.

"ఆరు నెలల్నించీ బూట్లు అడగతా ఉండాను. నీళ్ళు దూరతా ఉండాయి. ఇస్తావా లేదా?"

మీరు అనేది నువ్వు అయింది. నేను లోపలికి పోయి వెతికాను. ఏ సైజు అని అడిగితే, నీ సైజే తీసుకురా, అన్నీ ఒకటే గదా అన్నాడు. నా కొలతకు సరిపోయే జత తెచ్చి ఇచ్చాను. కాలు సగం దాకా పోయి ఆగిపోయింది. రెండు సైజులు పెద్దవి తెస్తే గాని ఎక్కలేదు. అతను లేచి నిలబడి, కాలు నేలకేసి తట్టి, నా కాళ్ళ వైపు ఒకసారి చూశాడు.

"అన్నని గదరా" అన్నాడు.